ఫిర్యాదుల గడిలో సున్నా

సంపాదకులు గారికి నమస్కారం.

నేను రిటైరైన అకౌంట్స్ మనిషిని, పటాన్‌చెరు పక్కన ఇల్లు. రిటైర్మెంట్ డబ్బుల్లో కొంచెం పెట్టి ఒక మందుల కంపెనీవి 40 షేర్లు కొన్నాను. కంపెనీ పేరు రాయను, రాసినా మీరు వేయరు, పైగా నేను చెప్పబోయేది ఆ ఒక్క కంపెనీ సంగతి కూడా కాదు. వాళ్ల యూనిట్ ఒకటి మా ఇంటికి రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏటా వార్షిక నివేదిక మెయిల్‌లో వస్తుంది, ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చుని చదువుతాను. పాత అలవాటు, ఏదో ఒక లెక్క చూడకపోతే నాకు నిద్ర పట్టదు.

ఈసారి చదువుతుంటే సగం దాటాక ఒక పట్టిక కనిపించింది. ఎడమ పక్కన వరసగా ఫిర్యాదు చేసేవాళ్లు ఎవరెవరో ఉంది: స్థానిక ప్రజలు, ఇన్వెస్టర్లు, వాటాదారులు, ఉద్యోగులూ కార్మికులూ, కస్టమర్లు, సరఫరాదారులు. స్థానిక ప్రజల వరసలో ఈ ఏడాది వచ్చినవి 0, పరిష్కారం కానివి 0. పోయిన ఏడాదీ అంతే, 0, 0.

మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఎందుకంటే సరిగ్గా అదే ఏడాది మా కాలనీ వాళ్లం 31 మందిమి సంతకాలు పెట్టి, ఒక సోమవారం పొద్దున్నే బస్సెక్కి సంగారెడ్డి కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి, లైన్లో నిలబడి అర్జీ ఇచ్చి వచ్చాం. రాత్రి 11 దాటాక వచ్చే ఘాటు వాసన గురించి, కిటికీలు మూసుకున్నా గొంతు పట్టేయడం గురించి. ఒక కాపీ కాలుష్య నియంత్రణ మండలికీ (పీసీబీ) ఇచ్చాం. రసీదు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మరి ఆ 31 సంతకాలు ఏమైనట్టు?

అదే అడుగుదామని ఏజీఎంకి, అంటే వాటాదారుల వార్షిక సమావేశానికి, పేరు ఇచ్చాను. కరోనా తర్వాత ఈ మీటింగులు ఎక్కువగా వీడియోలోనే కదా, మాట్లాడాలంటే ముందే మెయిల్ పెట్టి నమోదు చేసుకోవాలి. నాకంటే ముందు ఒకాయన చైర్మన్ గారి దూరదృష్టిని పొగిడాడు, ఇంకొకాయన బోనస్ షేర్లు ఎప్పుడని అడిగాడు, మరొక పెద్దాయన, పాపం, హాల్లో మీటింగు పెట్టే రోజుల్లో ఇచ్చే స్వీట్ బాక్స్ పోయిందని బాధపడ్డాడు. నాకు మూడు నిమిషాలు ఇచ్చారు. పేజీ నంబరు చెప్పి, సున్నా సంగతి అడిగాను. చైర్మన్ గారు కాసేపు కాగితాలు తిరగేసి "మా టీమ్ మీకు వివరంగా రాస్తుంది" అన్నారు. రాశారు, ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నారు. 12 రోజులకి మెయిల్ వచ్చింది. మర్యాదగా రెండు పేరాల్లో చెప్పింది ఏమిటంటే, మీ అర్జీ కంపెనీ ఫిర్యాదుల విధానం ద్వారా అందలేదు కాబట్టి లెక్కలోకి రాదు అని. అంటే కలెక్టరుకి చెప్పుకున్నది ఫిర్యాదు కాదు, పీసీబీకి చెప్పుకున్నదీ కాదు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఎక్కడో అడుగున ఉన్న ఇంగ్లీషు ఫారం నింపితేనే ఫిర్యాదు.

ఈ పట్టిక కంపెనీలు సరదాకి వేసుకునేది కాదు. షేరు మార్కెట్‌ని నియంత్రించే సెబీ అడుగుతుంది కాబట్టి వేస్తున్నారు. 2012లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి 100 లిస్టెడ్ కంపెనీలతో, అంటే షేర్లు మార్కెట్లో నడిచే కంపెనీలతో, ఇలాంటి నివేదిక మొదలైంది, తర్వాత 500 అయ్యాయి, ఆ తర్వాత 1000. 2021 మేలో పాత ఫారం తీసేసి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) అని పెద్ద ఫారం తెచ్చారు. 2022–23 నుంచి మొదటి 1000 కంపెనీలకు అది తప్పనిసరి. కంపెనీల వ్యవహారాల శాఖ 2019లో పెట్టిన తొమ్మిది సూత్రాల మీద నడుస్తుంది, కరెంటు ఎంత కాల్చారు, నీళ్లు ఎన్ని వాడారు, పొగ ఎంత, చెత్త ఎంత, ఆడవాళ్లు ఎంతమంది, ఎవరికి దెబ్బలు తగిలాయి, ఎవరు చనిపోయారు, అన్నీ అడుగుతుంది. 2023 జులైలో వాటిలో ముఖ్యమైనవి ఏరి 'కోర్' అని పేరు పెట్టి, బయటివాళ్లతో తనిఖీ చేయించాలన్నారు. 2023–24లో మొదటి 150 కంపెనీలు, అలా పెంచుకుంటూ 2026–27కి మొత్తం 1000.

ఫారం మంచిదే, దాని మీద నాకు కోపం లేదు. నేను పనిచేసిన ప్లాంటులో, అది వేరే కంపెనీ, వేరే జిల్లా, బోరుబావికి మీటరు పెట్టించింది ఆ ఫారమే. అంతకుముందు రోజుకి ఎన్ని నీళ్లు తోడుతున్నామో మేనేజర్‌కీ తెలియదు, నాకూ తెలియదు. కాబట్టి ఇదంతా కాగితాల గోల, దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. నా బాధంతా ఆ గడుల్లోకి అంకెలు ఎలా వస్తాయో చూసినవాడిగా.

హెడాఫీసు నుంచి మెయిల్ వస్తుంది, సబ్జెక్టులో 'అర్జెంట్' అని. దానికి ఒక ఎక్సెల్ షీట్ తగిలించి ఉంటుంది, బోలెడు ట్యాబులు, ఎల్లుండి సాయంత్రానికి నింపి పంపాలి. బోరుకి మీటరుంది సరే, ఎండాకాలం ట్యాంకర్లు తెప్పిస్తాం కదా, వాటి బిల్లుల్లో ట్రిప్పులుంటాయి గానీ లీటర్లుండవు. ట్రిప్పుకి 10 వేల లీటర్లు వేసుకో అంటారు ఎవరో. ఎందుకు 10 వేలు అంటే, పోయిన ఏడాది అంతే వేశాం కాబట్టి. ఇందులో మోసం లేదు, బద్ధకం ఉంది, తీరిక లేకపోవడం ఉంది. ఆ అంకె హైదరాబాద్ వెళ్లి, ఇంకో పది ప్లాంట్ల అంకెలతో కలిసి, దశాంశాలతో సహా నివేదికలో అచ్చవుతుంది. దశాంశం చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది మరి.

దెబ్బల లెక్క సంగతి వేరు. అక్కడ బద్ధకం కాదు, చాలా జాగ్రత్త ఉంటుంది. మా ప్లాంటులో ఒక కాంట్రాక్ట్ హెల్పర్‌కి సెంట్రిఫ్యూజ్ మూత పడి రెండు వేళ్లు నలిగాయి. దెబ్బ తగిలిన మనిషి తర్వాతి షిఫ్టుకి రాలేకపోతే దాన్ని లాస్ట్ టైమ్ ఇంజురీ అంటారు, నివేదికలోకి ఎక్కాలి. వస్తే ఆ లెక్కలోకి ఎక్కక్కర్లేదు. అందుకని మర్నాడు పొద్దున కంపెనీ జీపు పంపి అతన్ని తీసుకొచ్చి, చేతికి కట్టుతో సెక్యూరిటీ గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టారు, ఎనిమిది రోజులు. రెండు పూటలా టీ. రిజిస్టర్‌లో 'లైట్ డ్యూటీ' అని రాశారు. అతను ఏమీ అనలేదు, రోజు కూలీ పోలేదని సంతోషించాడు. గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' అని బోర్డు ఉండేది, దాని మీద అంకె మర్నాడు మామూలుగానే ఒకటి పెరిగింది. ఆ ఏడాది షీటులో ఆ గడిలో సున్నా టైపు చేసింది నేనే. ఇంకెవరి మీదో తోసేసి రాయొచ్చు గానీ, ఉన్నమాట ఇది.

తనిఖీకి వచ్చిన కుర్రాడు చాలా బుద్ధిమంతుడు. రిజిస్టర్ చూశాడు, షీటు చూశాడు, రెండూ సరిపోయాయి. సరిపోతాయి కదా మరి, రెండూ రాసింది మేమే. సెక్యూరిటీ గదిలో కూర్చున్న మనిషిని చూపించే గడి ఏ ఫారంలోనూ లేదు. అడిగి ఉంటే గేటు దగ్గరి వాచ్‌మన్ చెప్పేవాడు, అతనికి హిందీ కూడా వచ్చు.

ఇంకొక కిటుకు చెబుతాను, ఇది పూర్తిగా చట్టబద్ధం. వాడిన నీళ్లనీ, వదిలిన పొగనీ టర్నోవర్ రూపాయికి ఇంత అని లెక్కగట్టి చూపిస్తారు, ఫారం కూడా అలాగే అడుగుతుంది. ఊరికే ఉదాహరణకి, పోయిన ఏడాది 100 కోట్ల అమ్మకాలకి లక్ష కిలోలీటర్లు వాడామనుకోండి. ఈ ఏడాది మందు ధర పెరిగి అమ్మకాలు 130 కోట్లయ్యాయి, నీళ్లు లక్షా పది వేల కిలోలీటర్లు తోడాం. కోటికి 1000 కిలోలీటర్లు ఉన్నది 846కి దిగింది. నివేదికలో ఆకుపచ్చ బాణం కిందికి చూపిస్తూ 'నీటి వినియోగ తీవ్రత 15 శాతం తగ్గింపు' అని వేస్తారు. మా ఊరి బోర్లలో మాత్రం నీళ్లు ఇంకో 10 శాతం ఎక్కువ పోయాయి. మొత్తం వాడకం అంకె కూడా అదే పేజీలో ఉంటుంది, దాచరు, కాకపోతే దానికి బాణం వేయరు.

ఇప్పుడు బోర్డు దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఇదంతా చివరికి చేరేది అక్కడికే. ఈ నివేదికకి బాధ్యత వహించే డైరెక్టర్ పేరుతో ఒక ప్రకటన ఉండాలని ఫారంలోనే ఉంది. సుస్థిరత విషయాలు చూసే కమిటీ ఉందా లేదా, ఎన్నాళ్లకోసారి సమీక్షిస్తారు అని కూడా అడుగుతారు. అవును, ఉంది, ఏడాదికోసారి అని రాస్తారు. అయిపోయింది. కంపెనీ సెక్రటరీగా పనిచేసిన నా స్నేహితుడొకడు చెప్పాడు, వాళ్ల బోర్డు మీటింగులో ఈ నివేదిక ఎజెండాలో 17వ అంశం, లెక్కలు ఆమోదించి డివిడెండ్ తేల్చి అందరూ భోజనానికి లేచే ముందు వచ్చేదట, అడిగిన ప్రశ్న ఒక్కటేనట: "కవర్ మీద ఆ ఫొటో మనదేనా?"

చట్టంలో లోటేమీ లేదు. 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ చూడండి, డైరెక్టరు అన్నవాడు వాటాదారుల మేలే కాదు, ఉద్యోగుల మేలు, చుట్టుపక్కల జనం మేలు, పర్యావరణ రక్షణ కూడా చూడాలని ఉంది. సెబీ నిబంధనల ప్రకారం మొదటి 1000 కంపెనీల్లో ఉండాల్సిన రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ పనుల్లో పర్యావరణ, సామాజిక ముప్పులు చూడటం పేరు పెట్టి మరీ ఉంది. అయితే అదే కంపెనీల చట్టం 149వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. స్వతంత్ర డైరెక్టరు, అంటే కంపెనీ యజమానులతో సంబంధం లేకుండా బయటి నుంచి వచ్చినవాడు, తనకు తెలిసి, బోర్డు ద్వారా తెలియవచ్చి, తన ఒప్పుదలతో జరిగినవాటికీ, శ్రద్ధ పెట్టకపోవడం వల్ల జరిగినవాటికీ మాత్రమే బాధ్యుడు. మంచివాళ్లు డైరెక్టర్లుగా రావడానికి భయపడకూడదని అలా పెట్టారు, ఆ ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ దాంతో ఏమైందంటే, తెలియకపోవడం హాయి అయిపోయింది. మీటింగుకి లక్ష దాకా సిట్టింగ్ ఫీజు తీసుకునే పెద్దమనిషి 'ఈ సున్నా ఎలా వచ్చింది?' అని అడిగితే జవాబు వస్తుంది, జవాబొస్తే తెలిసినట్టు అవుతుంది, తెలిస్తే మెడకి చుట్టుకుంటుంది. అడగకపోతే ఏ గొడవా లేదు.

ఈ విషయంలో హైదరాబాద్ వాళ్లకి వేరే ఊళ్ల కథలు చెప్పనక్కర్లేదు. సత్యం కంప్యూటర్స్‌కి 2008 సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్స్‌కే అవార్డొచ్చింది. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, కేంద్రంలో క్యాబినెట్ సెక్రటరీ చేసినాయన ఉన్నారు. డిసెంబరు 16న అదే బోర్డు, చైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకి సరేనంది, ఇన్వెస్టర్లు గొడవ చేస్తే గంటల్లో వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న, లెక్కలు పెంచి చూపామని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది, 7 వేల కోట్లకు పైగా తేడా. ఆ రోజుల్లో మా ఆఫీసులో అందరూ సత్యం షేరు ధర చూస్తూ కూర్చున్నారు, నేను మాత్రం ఒకటే ఆలోచించాను, బ్యాంకులో ఉన్న డబ్బు ఎంతో ఆ బ్యాంకునే అడిగితే సరిపోయేది కదా అని. డబ్బు లెక్కించడం చాలా తేలిక, దానికి వందల ఏళ్ల పద్ధతులున్నాయి, ఆడిటర్లున్నారు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది, అయినా అక్కడే అన్నేళ్లు అలా సాగింది. మరి వాసన, పొగ, నలిగిన వేళ్లు, వీటికి స్టేట్‌మెంట్ ఎవరిస్తారు? బోర్డు తనంతట తాను ఎవరినో ఒకరిని, కంపెనీ జీతం తీసుకోని మనిషిని, అడిగి తీరాలి.

ఇక నాకు అన్నింటికంటే మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. ఈ ఫారం ఎవరికి వర్తించాలో తేల్చేది షేరు మార్కెట్ విలువ. సరే, ఇన్వెస్టర్ల కోసం పెట్టిన సంస్థ కాబట్టి సెబీ అలాగే కొలుస్తుంది. మన దగ్గర మనుషులు ఎక్కడ చనిపోయారో చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. పర్యావరణ అనుమతి లేకుండా నడిపామని అంతకు ఏడాది ముందు 2019లో ఆ కంపెనీయే అఫిడవిట్‌లో రాసుకుంది. అది కొరియా కంపెనీకి చెందిన ప్రైవేట్ లిమిటెడ్, మన మార్కెట్లో లిస్టయింది కాదు, బీఆర్‌ఎస్‌ఆర్ దాని గుమ్మం తొక్కదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా ప్లాంటులో పేలుడు, 17 మంది. అదీ ప్రైవేట్ లిమిటెడే. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెంలో పోరస్ ల్యాబ్స్‌లో అగ్నిప్రమాదం, కనీసం ఆరుగురు. మార్కెట్ విలువ లేని చోట మనుషుల విలువ లేదా అని అడిగితే డ్రామాలా ఉంటుంది గానీ, ఫారం అమరిక అలాగే ఉంది.

లిస్టయితే మాత్రం సరిపోతుందా అంటే, మా పాశమైలారం పారిశ్రామికవాడ ఉంది. 2025 జూన్ 30న సిగాచీ ప్లాంటు పేలింది. అది లిస్టెడ్ కంపెనీయే. మా ఇంటి డాబా మీదికెక్కితే పొగ కనిపించింది. 50 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల నుంచి పొట్టచేత పట్టుకొచ్చిన వాళ్లు. నన్ను ఇప్పటికీ వెంటాడేది చావుల లెక్క కంటే ముందు జరిగిన లెక్క. ఆ రోజు లోపల ఎంతమంది ఉన్నారో తేలడానికే రోజులు పట్టింది, డీఎన్‌ఏ పరీక్షలు చేసి శరీరాలు అప్పగించారు, ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు. శాశ్వత కార్మికులు ఎంతమంది, శాశ్వతం కానివాళ్లు ఎంతమంది అని బీఆర్‌ఎస్‌ఆర్‌లో మొదటి పేజీల్లోనే పట్టిక ఉంటుంది. మా పారిశ్రామికవాడలో ఏ ప్లాంటుకైనా వెళ్లి, ఇప్పుడు ఈ క్షణం లోపల ఎంతమంది ఉన్నారని అడగండి. కంపెనీ ఒక అంకె చెబుతుంది, లేబర్ కాంట్రాక్టర్ ఒకటి చెబుతాడు, క్యాంటీన్ వాడు ఇంకొకటి చెబుతాడు. క్యాంటీన్ వాడిదే నిజానికి దగ్గరగా ఉంటుంది, అన్నం వండాలి కదా.

దీనికి ఒక దారి సెబీ ఆలోచించింది, అది చెప్పకపోతే అన్యాయం. పెద్ద కంపెనీలు తమ కొనుగోళ్లలోనో అమ్మకాల్లోనో అంతా కలిపి 75 శాతం వాటా ఉన్న ముఖ్యమైన సరఫరాదారుల, కొనుగోలుదారుల వివరాలు కూడా చెప్పాలన్నారు, మొదటి 250 కంపెనీలతో మొదలుపెట్టి. అది నడిచి ఉంటే మా పక్క, అచ్యుతాపురం పక్క పెద్ద కంపెనీలకి మందుల తయారీలో మధ్య దశ రసాయనాలు (ఇంటర్మీడియట్లు) తయారుచేసి పంపే ఎన్నో చిన్న ప్లాంట్లు ఈ కాగితాల్లో కనిపించేవి. మొదట అన్నది, చెప్పండి, లేదంటే ఎందుకు చెప్పలేదో చెప్పండి అని. 2025 మార్చిలో దాన్ని ఏడాది వాయిదా వేసి, ఇష్టమైతే చెప్పండి అనే దాకా తెచ్చారు. వ్యాపారం సులువు చేయడానికట. యూరప్ వాళ్లు కూడా 2025 ఫిబ్రవరిలో తమ నిబంధనలు సడలించే ప్రతిపాదన పెట్టారు కాబట్టి మనం ఒక్కరమే కాదు అంటారు. యూరప్‌లో ఫ్యాక్టరీ పక్కన ఇల్లు కట్టుకునే పద్ధతి వేరు, ఇక్కడ మా గోడా వాళ్ల గోడా దాదాపు ఒకటే.

చిన్న ప్లాంటు వాడికి ఇంత ఫారం భారం కదా అంటే, నిజమే, భారమే, నేనే నింపాను కాబట్టి నాకు తెలుసు. అందుకే కొత్త ఫారం వద్దంటాను. ఉన్న కాగితాలు చాలు. వ్యర్థాలు వదిలే ప్రతి ప్లాంటూ ఏటా సెప్టెంబరు 30లోగా పీసీబీకి ఫారం-5 ఇస్తుంది, ఎన్ని నీళ్లు, ఏ కాలుష్యం, ఎంత వ్యర్థం అని, అదీ ప్లాంటు వారీగా. పర్యావరణ అనుమతి ఉన్నవాళ్లు ఆరు నెలలకోసారి షరతుల అమలు నివేదిక ఇస్తారు. అంటే మా ఊరి ప్లాంటు అంకెలు విడిగా ఉన్నాయి. బీఆర్‌ఎస్‌ఆర్‌లోకి వచ్చేసరికి పది ప్లాంట్లవీ కలిపి ఒక్క అంకె చేసి పెడతారు, అందులో మా నక్కవాగు ఎక్కడుందో నాబోటి అకౌంట్స్ వాడికే దొరకదు.

తెలుగు సంగతి చెప్పి ముగిస్తాను. ఫ్యాక్టరీ పెట్టకముందు ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, తెలుసు కదా, షామియానా వేసి, పోలీసుల్ని పెట్టి. 2006 నోటిఫికేషన్ ప్రకారం ఆ ప్రాజెక్టు సారాంశం స్థానిక భాషలో కూడా ఇవ్వాలి, ఇస్తారు కూడా, తెలుగులో, కొంచెం గట్టి తెలుగే గానీ తెలుగే. ఫ్యాక్టరీ రాబోతున్నప్పుడు మాకు తెలుగు అర్థమవుతుందని చట్టం ఒప్పుకుంది. వచ్చేశాక ముప్ఫై ఏళ్లు నడిచే ప్లాంటు ఏం వదులుతోందో, ఎవరికి దెబ్బ తగిలిందో చెప్పే కాగితం మాత్రం ఇంగ్లీషులో, ముంబై ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో, వందల పేజీల మధ్య. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణలోనే ప్రమాదాల సమాచారం చుట్టుపక్కల జనానికి చెప్పాలని రాశారు. 1989 రసాయనాల నిబంధనల్లోనూ అదే ఉంది. మా కాలనీకి వచ్చి ఇదీ ప్రమాదం, సైరన్ మోగితే ఇటు పరిగెత్తండి అని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. సైరన్ మోగితే షిఫ్టు మారిందనుకుంటాం మేము.

కాబట్టి నేను అడిగేది ఒక్క పేజీ. తెలుగులో, ప్లాంటు వారీగా, గేటు బయట, గ్రామపంచాయతీలోనో మున్సిపల్ ఆఫీసులోనో గోడకి. నీళ్లు ఎన్ని, పొగ ఎంత, నిల్వ ఉన్న ప్రమాదకర రసాయనాలేవి, ఆ ఏడాది దెబ్బ తగిలిన మనుషులు ఎంతమంది, లైట్ డ్యూటీ వేసినవాళ్లతో సహా, కాంట్రాక్ట్ వాళ్లతో సహా. మార్కెట్ విలువతో పని లేకుండా, ప్రమాదకర రసాయనాలు పెద్ద మొత్తంలో నిల్వ పెట్టే ప్రతి ప్లాంటుకీ ఇది ఉండాలి. ఆ ప్లాంట్ల జాబితా ఫ్యాక్టరీల శాఖ దగ్గర ఎలాగూ ఉంటుంది. కింద ఒక డైరెక్టరు సంతకం, ఆయన ఆ ప్లాంటుకి వచ్చిన తేదీ. పగలు శాలువా కప్పించుకోవడానికి వచ్చిన తేదీ కాదు, రాత్రి షిఫ్టులో వచ్చినది. కలెక్టరుకీ, పీసీబీకీ, ఇన్‌స్పెక్టరుకీ వెళ్లిన ఫిర్యాదులు కూడా ఫిర్యాదులుగా లెక్కపెట్టమని సెబీ ఒక్క వాక్యం కలిపితే చాలు, ఆ గడిలో సున్నాలు సగం పోతాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు మిగతాది సొంతంగా చేయొచ్చు, ఢిల్లీ, ముంబై దాకా వెళ్లక్కర్లేదు.

మా అబ్బాయి ఇదంతా చదివి, నాన్నా, నీకు 40 షేర్లున్నాయి, కంపెనీని తిడితే షేరు పడుతుంది కదా అన్నాడు. పడితే పడనీ. మనం పీల్చేదీ వాళ్ల గాలే కదరా అన్నాను.

ఇంకో పని కూడా చేశాను. వాళ్ల మెయిల్‌లో ఉన్న లింకు పట్టుకుని ఆ ఇంగ్లీషు ఫారం మా మనవరాలితో నింపించాను. మీరు ఎవరు అన్న చోట ఉద్యోగి, కస్టమర్, సరఫరాదారు, ఇన్వెస్టర్, ఇతరులు అని ఉన్నాయి, పక్కింటివాడు అని లేదు. ఇన్వెస్టర్ అని పెట్టొచ్చు, అబద్ధం కాదు, కానీ నాకు వాసన వచ్చేది షేర్ల వల్ల కాదు కాబట్టి 'ఇతరులు' నొక్కమన్నాను. వివరాలు 500 అక్షరాలు మించకూడదట, 31 మంది పేర్లు పట్టలేదు, అర్జీ ఫొటో తీసి జత చేసింది పిల్ల. టికెట్ నంబరు వచ్చింది. వచ్చే ఆగస్టుకి కొత్త నివేదిక వస్తుంది. ఆ గడిలో ఏముందో చూసి మీకు మళ్లీ రాస్తాను.

ఇట్లు,
40 షేర్ల వాటాదారు,
పటాన్‌చెరు